శాలువా కప్పేముందు ఐసు గురించి నాలుగు మాటలు



ఈసారి రాస్తున్నది కొంచెం పొడుగే. వీలు చూసుకుని చదవండి, కానీ ఆగస్టు లోపల చదవండి. ఆగస్టు వస్తే మన వీధుల్లోంచి మళ్ళీ పెద్ద పెద్ద సూట్‌కేసులు బయల్దేరతాయి కదా.

మా మాట ముందే చెప్పేస్తాం. పై చదువులకో, ఉద్యోగాలకో చలిదేశాలకు పోయే పిల్లలకు మన సంఘం పెట్టే వీడ్కోలు సభలో ఇకమీదట ఒక అరగంట గడ్డకట్టిన నదుల గురించి, సరస్సుల గురించి చెప్పాలి. శాలువా, పూలదండ, గ్రూపు ఫోటో అన్నీ ఉండనీండి. ఉపన్యాసాల్లోంచి ఆ అరగంట తీసుకుందాం. ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళు మాలోనే ఉన్నారు కాబట్టి ఈ మాట ధైర్యంగానే అంటున్నాం.

కమిటీలో ఈ సంగతి ఎత్తగానే ఒక పెద్దాయన నవ్వేశారు. "ఏమప్పా, తాగేదానికే నీళ్ళు లేని ఊర్లో ఐసు పాఠమా?" అన్నారు. అందరం నవ్వాం. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. పాలారు పేరుకి మన నదే. నంది కొండల వైపు పుట్టి, కర్ణాటకలో 93 కిలోమీటర్లు పోయి, ఆంధ్రాలో కొంచెం తగిలి, తమిళనాడులోకి దిగుతుంది. మన పిల్లల్ని పాలారు బొమ్మ గీయమంటే ఇసుక గీస్తారు, పక్కన జాలిముళ్ళ చెట్లు గీస్తారు. బేతమంగళం చెరువు నిండితే బంధువుల్ని పిలుచుకుని పోయి చూసొస్తాం. నీళ్ళుండటమే మనకు వార్త. ఆ నీళ్ళు గట్టిపడి, దానిమీద మనుషులు నడిచి, స్కేటింగు చేసి, కార్లు తోలతారంటే మనకు అది సినిమాలో సంగతి.

మా భయం అక్కడే. మన పిల్లవాడికి ఐసు గురించి ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు. అమ్మకు తెలియదు, నాన్నకు తెలియదు, అవ్వకు అసలు తెలియదు. పాము గురించి చెప్తాం, కరెంటు తీగ గురించి చెప్తాం, పాడుబడిన గని గుంటల దగ్గరికి పోవద్దని చెప్తాం. ఇవన్నీ వాడికి ఐదేళ్ళ వయసుకే ఒంటబట్టి ఉంటాయి. మిన్నెసోటాలోనో మానిటోబాలోనో పుట్టిన పిల్లవాడికి ఐసు గురించి అట్లాగే తెలుస్తుంది. మనవాడు ఇరవై మూడేళ్ళ వయసులో, ఎమ్మెస్ సీటుతో, వాడి ముందు ఐదేళ్ళ పిల్లవాడి కింద లెక్క. పైగా వాడు ఎవరినీ అడగడు. ఇంజనీరు కదా!

మాటల్లోనే చిక్కు ఉంది, గమనించారా? మనకు "మంచు" ఒకటే మాట. డిసెంబరు తెల్లవారుజామున బంగారపేట రోడ్డు మీద బండి లైటు వేసుకుని పోతే కమ్ముకునేది మంచు. చిక్కుడు ఆకు మీద పొద్దున్నే కనిపించేది మంచు. హిమాలయాల మీద తెల్లగా రాలేదీ మంచే, నది గట్టిపడితే అదీ మంచే. కన్నడంలో 'మంజు' అన్నా, గోల్డ్‌ఫీల్డ్స్‌లో మన పక్కింటివాళ్ళు తమిళంలో 'పని' అన్నా, మామూలు మాటల్లో ఇదే కథ. మూడు భాషలు మాట్లాడే ఊరు మనది, మూడిట్లోనూ ఈ తేడా చెప్పే వాడుకమాట చప్పున దొరకదు. కొడుకు ఫోన్లో "అమ్మా, ఇక్కడ అంతా మంచు, నది మీద నిలబడి ఫోటో దిగాం" అంటే ఆ తల్లి "స్వెట్టర్ వేసుకున్నావా నాయనా" అంటుంది. ఆమె అడగాల్సింది అది కాదని ఆమెకు ఎట్లా తెలుస్తుంది? అందుకే ఇక్కడ మేము ఐసు అనే రాస్తున్నాం. పొడిగా రాలేది స్నో, గట్టిపడిన నీళ్ళు ఐసు. తెలుగు భక్తులు మన్నించాలి.

ఇది ఊహించుకుని పడే భయం కూడా కాదు. 2022 డిసెంబరు 26న, అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, వుడ్స్ కాన్యన్ లేక్ అనే సరస్సు మీద నడుస్తుండగా ఐసు పగిలి ముగ్గురు మనవాళ్ళు, తెలుగువాళ్ళు, చనిపోయారు. పేర్లు రాయం, వాళ్ళ ఇళ్ళలో ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంటుంది. వాళ్ళు ఉన్న ఊరు చాండ్లర్. ఫీనిక్స్ పక్కన, ఎడారి నేల. అరిజోనా అంటే ఎండలు, బ్రహ్మజెముడు చెట్లు. ఐసుకి భయపడాల్సిన ఊరని ఎవరూ అనుకోరు. కానీ ఆ సరస్సు సుమారు 7,500 అడుగుల ఎత్తున ఉంది. మన నంది కొండ 4,850 అడుగులు, చూసుకోండి. సెలవు రోజు కారు వేసుకుని కొండెక్కితే కొన్ని గంటల్లో వేరే దేశంలోకి వచ్చినట్టే. పండగ సెలవులు, పిల్లాపాపలు, తెల్లటి సరస్సు. ఎవరికైనా దిగి రెండడుగులు వేయాలనిపిస్తుంది.

2024 ఏప్రిల్‌లో కిర్గిజ్‌స్తాన్‌లో వైద్యం చదువుతున్న ఆంధ్రా కుర్రవాడు ఒకడు గడ్డకట్టిన జలపాతం దగ్గర ఐసులో ఇరుక్కుని పోయాడు. ఏప్రిల్! మనకిక్కడ మామిడికాయలు కోసే నెల. శ్రీనివాసపురం తోటల్లో కాయలకు కవర్లు కడుతుంటాం. చలికాలం అంటే డిసెంబరు, జనవరి అనుకునే మన లెక్క అక్కడ పనికిరాదు. ఐసుకి చివరి నెలలే మరీ మోసం. మార్చిలో ఎండ తగిలి లోపల పుల్లలు పుల్లలుగా విడిపోయిన ఐసు, చూడటానికి అడుగు మందం ఉన్నా, జనవరి నాటి బలం దానికి ఉండదు.

సరే, నది ఐసుకీ సరస్సు ఐసుకీ తేడా ఏంటి? దీన్ని గోల్డ్‌ఫీల్డ్స్ వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడం సులువే అనుకుంటున్నాం. మారికుప్పం నుంచి కోరమండల్ దాకా మనం నడిచే నేల కింద ఏముంది? నూట ఇరవై ఏళ్ళు తవ్విన గుల్ల. ఛాంపియన్ రీఫ్ దగ్గర మూడు కిలోమీటర్లకు పైగా లోతు. పైన చూస్తే గడ్డి, మేకలు, క్రికెట్ ఆడే పిల్లలు. పై నేల చూసి కింద సంగతి చెప్పలేమని మనకు పుట్టుకతో తెలుసు. నది మీద ఐసు కూడా అంతే.

సరస్సులో నీళ్ళు నిలకడగా ఉంటాయి. నీళ్ళు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటాయి కాబట్టి అవి అడుక్కి పోయి, అంతకన్నా చల్లబడ్డవి పైన తేలి, పై నుంచి గడ్డకట్టుకుంటూ వస్తాయి. అందుకే అడుగున చేపలు బతికుంటాయి. నదిలో అట్లా కుదరదు. పారే నీళ్ళు కలిసిపోతూ ఉంటాయి, పైనా కిందా ఒకటే చలి. ముందు సన్నటి పలుకుల్లాంటి ఐసు నీళ్ళలో తేలుతూ వచ్చి ఒకదానికొకటి అతుక్కుంటుంది. ఒడ్డు పక్కన మందంగా కడుతుంది, నడిమధ్యన పలచగా. పైన ఎంత చలి ఉన్నా కింద పారే నీళ్ళు ఐసుని అడుగు నుంచి అరగదీస్తూనే ఉంటాయి. ఒకచోట అడుగు మందం, పది అడుగుల అవతల రెండంగుళాలు. నది వంపు తిరిగే చోట, వంతెన స్తంభాల దగ్గర, ఊరి కాలువ వచ్చి కలిసే చోట, ఫ్యాక్టరీ వేడినీళ్ళు వదిలే చోట ఇది మరీ ఎక్కువ. మనవాళ్ళు ఫోటో దిగేది ఎక్కడ? వంతెన కిందే. వెనకాల వంతెన పడాలి కదా.

ఇంకొకటి ఉంది. ఎగువన ఆనకట్ట వాళ్ళు నీళ్ళు తగ్గిస్తే, ఐసు పైన పలకలా ఉండిపోయి కింద నీటిమట్టం దిగిపోతుంది. నడుమ ఖాళీ. అంటే పైన కప్పు, కింద గుల్ల. మనకు ఇంతకన్నా వివరించి చెప్పనక్కర లేదు. పైగా స్నో పడితే దుప్పటి కప్పినట్టు. చలి లోపలికి పోదు కాబట్టి ఐసు మందం ఎక్కదు, పలచటి చోటు కంటికి కనపడదు. సరస్సులో పడినవాడు పడ్డ కంతలోంచే పైకి రావచ్చు. నదిలో పడితే ప్రవాహం ఐసు కిందికి లాక్కుపోతుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే చాలు, మిగతాది మర్చిపోయినా ఫర్వాలేదు.

గనిలో పనిచేసిన మన పెద్దలకు ఒక అలవాటు ఉండేది. పేలుళ్ళ తర్వాత లోపలికి పోయినవాళ్ళు పని మొదలుపెట్టే ముందు ఇనుప కడ్డీతో పైకప్పు రాయిని తట్టి వింటారు. గట్టి రాయి ఖంగుమంటుంది. విడిపోయిన రాయి డప్పులాగా డబడబమంటుంది. డబడబమంటే దాన్ని దించేదాకా ఎవరూ దాని కింద నిలబడరు. నిన్న బాగుంది కదా అనే మాట అక్కడ చెల్లదు, రోజూ తట్టాల్సిందే. ఉత్తరాది దేశాల్లో చేపలు పట్టేవాళ్ళు ఐసు మీదికి పోతే అచ్చం ఇదే చేస్తారు. బరువైన ఇనుప ఉలి లాంటి కడ్డీ చేతిలో పెట్టుకుని, అడుగు వేసే ముందు ఎదర గట్టిగా పొడుస్తారు. ఒకటి రెండు పోట్లకే దిగబడితే వచ్చిన దారినే వెనక్కి. చిన్న బరమాతో కంత వేసి మందం కొలుస్తారు. మన దేశంలోనే లదాఖ్‌లో జాన్‌స్కార్ నది మీద చలికాలంలో 'చాదర్' అని నడిచిపోతారు, అక్కడ దారి చూపే జాన్‌స్కారీలు కూడా కర్రతో తట్టుకుంటూ పోతారు. ఎక్కడి గని, ఎక్కడి నది! కానీ పద్ధతి ఒకటే. మన ఇళ్ళలో ఆ విద్య ఉంది, మనవళ్ళకు అందలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశాక తట్టి వినాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. పిల్లలు పొద్దున్నే బెంగళూరు రైలెక్కారు, అక్కణ్ణుంచి విమానం ఎక్కారు.

లెక్కలు కూడా చెప్పాలి, అవి లేకపోతే మనవాళ్ళు నమ్మరు. మిన్నెసోటా రాష్ట్ర సహజవనరుల శాఖ చెప్పేది ఇది: కొత్తగా కట్టిన, పారదర్శకంగా ఉన్న గట్టి ఐసు 4 అంగుళాలు ఉంటే ఒక మనిషి నడవొచ్చు. చిన్న కారుకి 9 నుంచి 10 అంగుళాలు కావాలి. తెల్లగా పాలలాగా ఉండే ఐసు అయితే దీనికి రెట్టింపు. కెనడాలో రెడ్‌క్రాస్ వాళ్ళు ఇంకా జాగ్రత్త, నడవటానికి 15 సెంటీమీటర్లు అంటారు. ఎంత మందం ఉన్నా ఏ ఐసూ నూటికి నూరు పాళ్ళు భద్రం కాదని అందరూ కలిపి చెప్తారు. ఈ అంకెలు నిలకడ నీటి మీద లెక్క. పారే నది మీద ఇవి నమ్మి పోవద్దు.

"అక్కడి వాళ్ళు వేలమంది స్కేటింగు చేస్తారు కదా, వాళ్ళకేం కాలేదే" అని పిల్లలు అడుగుతారు. అడగాలి కూడా. కెనడా రాజధాని ఒట్టావాలో రిడో కాలువ మీద 7.8 కిలోమీటర్ల స్కేటింగు బాట వేస్తారు. 1970 నుంచి ప్రతి చలికాలం వేస్తూ వచ్చారు. దానికి సుమారు 30 సెంటీమీటర్ల మంచి ఐసు కావాలంటారు. మనుషుల్ని పెట్టి కొలిపించి, అప్పుడే జెండా మారుస్తారు. 2022-23 చలికాలంలో ఆ మందం రాలేదు. ఒక్కరోజు కూడా తెరవలేదు, అన్నేళ్ళలో అదే మొదటిసారి. జనం నిరాశపడ్డారు, వ్యాపారాలు పోయాయి, అయినా తెరవలేదు. ఊరంతా కొలిచి, బోర్డు పెట్టి, రమ్మన్న చోటికి పోవడం వేరు. మన పిల్లవాడు నలుగురు రూమ్మేట్లతో ఆదివారం సాయంత్రం అపార్టుమెంటు వెనక నది మీదికి దిగడం వేరు. చలికాలాలు వెచ్చబడుతున్న కొద్దీ అక్కడి పాతకాపులకే లెక్క తప్పుతోంది.

మరి పడిపోతే? ఇది సభలో తప్పనిసరిగా చెప్పాలి. కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయంలో పనిచేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ప్రొఫెసర్ ఉన్నారు. చలినీళ్ళలో మనిషి శరీరం ఏమవుతుందో తనే దిగి పరీక్షించుకున్న మనిషి. ఆయన ప్రచారంలోకి తెచ్చిన లెక్క 1-10-1. పడిన మొదటి 1 నిమిషం ఊపిరి అదుపులో ఉండదు, ఎగశ్వాస వస్తుంది, ఆ నిమిషం మూతి నీళ్ళపైన పెట్టుకుని శ్వాస సర్దుకోవడమే పని. తర్వాత సుమారు 10 నిమిషాలు చేతులూ కాళ్ళూ చెప్పినమాట వింటాయి, బయటపడే ప్రయత్నం అప్పుడే చెయ్యాలి. స్పృహ తప్పడానికి సుమారు 1 గంట పడుతుంది. పడగానే గడ్డకట్టి చనిపోతాం అనుకోవడం తప్పు, ఆ భయంతోనే మొదటి నిమిషంలో నీళ్ళు మింగేస్తారు.

వచ్చిన వైపుకే తిరగాలి, ఎందుకంటే ఆ ఐసు కాసేపటి క్రితం మనల్ని మోసింది. మోచేతులు ఐసు మీద ఆనించి, కాళ్ళు ఈత కొట్టినట్టు తన్నుతూ, పొట్ట మీద ముందుకు జారాలి. బయటికి వచ్చాక లేచి నిలబడకూడదు, దొర్లుకుంటూ ఒడ్డు వైపు పోవాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు వెనకే దూకకూడదు. 911 కి ఫోను, చేతికందే తాడో, కొమ్మో, కారులోని జంపర్ కేబులో విసరాలి. స్నేహితుడు మునిగిపోతుంటే చూస్తూ నిలబడమని చెప్పడం కష్టంగానే ఉంటుంది. మన పిల్లలకు మరీ కష్టం, మన పెంపకం అట్లాంటిది. కానీ ఒకడి వెనక ఒకడు పోయి ఇంకో ఇంట్లో దీపం ఆరిపోతే ఎవరికి మేలు?

"ఇవన్నీ అక్కడి యూనివర్సిటీ వాళ్ళు చెప్తారు, మనకెందుకు" అన్నారు ఇంకొకరు. కొన్నిచోట్ల చెప్తారు, నిజమే. కానీ దిగిన మొదటి వారంలో బ్యాంకు ఖాతా, సిమ్ము, అద్దె ఇల్లు, పప్పులు ఎక్కడ దొరుకుతాయి అనే గొడవల్లో వంద మాటల మధ్యన ఇంగ్లీషులో విన్న మాట వేరు. ఇంటి ముందర, అమ్మానాన్నల ఎదుట, మన భాషలో, మన గని మాటతో విన్నది వేరు. పైగా ఇక్కడ చెప్తే తల్లిదండ్రులూ వింటారు. జనవరిలో ఫోను వచ్చినప్పుడు "నది మీదికి దిగారా? ఎవరు కొలిచారు?" అని అడగగలుగుతారు. మాకు అసలు కావాల్సింది ఈ ప్రశ్నే.

ఇంకో మాట, ఇది మన ఊరి గురించే. మన పిల్లల్లో ఎంతమందికి ఈత వచ్చు? ఎండిన చెరువుల్లో క్రికెట్ ఆడి పెరిగిన తరం ఇది. 2018 నుంచి బెంగళూరులో శుద్ధిచేసిన మురుగునీళ్ళు కె.సి. వ్యాలీ పథకంలో మన కోలారు చెరువులకు వస్తున్నాయి. 2021 నవంబరు వానలకు పాలారులో నీళ్ళు పారాయి. చెరువులు నిండాయని సంతోషించాం, సెల్ఫీలు దిగాం. కానీ నీటి పక్కన ఎట్లా మసలుకోవాలో మన పిల్లలకు ఎవరు నేర్పారు? పూడిక తీసిన గుంత ఎక్కడుందో, బురద ఎక్కడ లాగుతుందో పాతకాలం వాళ్ళకు తెలిసేది. అందుకే ఐసు పాఠంతో పాటు ఈత సంగతి కూడా సంఘం పట్టించుకోవాలని మాలో కొందరి వాదన. దాని మీద విడిగా రాస్తాం, రెండూ కలిపితే ఇది తెగదు.

ఇప్పుడు పని మాటలు. ఈ ఏడు వెళ్తున్న పిల్లల పేర్లు, ఏ ఊరికి పోతున్నారో కార్యదర్శిగారికి చెప్పండి. జనవరిలో చేరేవాళ్ళను మరీ మర్చిపోవద్దు, వాళ్ళు విమానం దిగేదే ఐసు మీదికి. రష్యా, కిర్గిజ్‌స్తాన్ వైపు డాక్టరు చదువులకు పోయేవాళ్ళు ఈ సభలకు ఎందుకో పెద్దగా రారు, వాళ్ళ ఇళ్ళకు మేమే వచ్చి పిలుస్తాం. ఇప్పటికే చలిదేశంలో నాలుగైదేళ్ళుగా ఉన్న మన పిల్లలు ఇద్దరు ముగ్గురు వీడియోలో మాట్లాడితే బాగుంటుంది. తల్లిదండ్రులు వాళ్ళను అడిగి చెప్పండి.

కడ్డీతో తట్టి వినడం ఎట్లాగో చూపించడానికి ఛాంపియన్ రీఫ్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసిన మన మామ ఒకాయన ఒప్పుకున్నారు. కడ్డీ ఆయన ఇంట్లోనే ఉందట, తనే తెస్తానన్నారు. తట్టడానికి మంచి రాయి ఒకటి, గుల్ల రాయి ఒకటి కావాలన్నారు. ఆండర్సన్‌పేట వైపు ఉన్నవాళ్ళు ఎవరైనా చూసి పెట్టండి.